ఏడడుగుల పడవ

మార్చి నెలాఖరు. ఇంగ్లండులో వసంతం వచ్చినట్టు కేలండర్లో రాసి ఉంది గానీ, ఆ సంగతి చలికి ఎవరూ చెప్పినట్టు లేదు. బ్రాన్‌స్టన్ రేవులో సాయంత్రం ఆరింటికి, ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో ఆవకాయ సీసా పట్టుకుని, నేను పదకొండు రాత్రులు పడుకోబోయే చోటు వంక చూశాను. అది గదిలా లేదు. తలుపులు తీసిన బీరువాలా ఉంది.

మేముండేది రగ్బీ అనే ఊళ్ళో. బ్రాన్‌స్టన్ అక్కణ్ణుంచి కారులో ఇరవై నిమిషాలు. ఆక్స్‌ఫర్డ్ కాలువా గ్రాండ్ యూనియన్ కాలువా కలిసే ఊరు. పాత సరుకు పడవల్ని బాగు చేసి నడిపే ఒక బృందంలో నాలుగేళ్ళుగా ఆదివారాలు రంగులు గీకడం, మోకులు కడగడం, ఇత్తడి తోమడం నా సేవ. ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. మా తాత ధవళేశ్వరం నుంచి కాకినాడ పోయే కాలువమీద ధాన్యం పడవల్లో కళాసి. గాలి లేనప్పుడు గట్టుమీద నడుస్తూ తాడుతో పడవని లాగిన భుజాలు ఆయనవి. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసి కాలువలు తవ్వించినప్పుడు, అవి పొలాలకే కాదు, పడవలకీ అన్న లెక్కతోనే తవ్వించాడు. అందుకే మా వైపు ప్రతి పల్లెటూరివాడికీ లాకులంటే ఏమిటో తెలుసు: పడవని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల తొట్టి. ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒకాయన ఎంతో ఓపిగ్గా నాకు లాకు అంటే ఏమిటో బొమ్మ గీసి చెప్తుంటే, ఇది మా ఊరి మాటే కదా అని నవ్వొచ్చింది.

ఆ సంవత్సరం పడవల జంటని బ్రాన్‌స్టన్ నుంచి లండన్ దాకా తీసుకెళ్ళాలి, ఒక మనిషి తక్కువయ్యాడు, వస్తావా అని మా బృందంలో పెద్దాయన అడిగాడు. ఆయనకి డెబ్బై దాటాయి. ఆయన భార్య కూడా వస్తుంది. ఆవిడ పడవల కుటుంబంలో, అచ్చంగా ఇలాంటి గూట్లోనే పుట్టింది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

జంట అన్నాను కదా. ముందు నడిచేది మోటారు పడవ, దాని వెనక మోకుకి కట్టుకుని వచ్చే ఇంజను లేని పడవ బట్టీ. (మనం చదువులో పట్టే బట్టీ కాదు.) ఒక్కోటీ డెబ్బై అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. బారెడు పొడవు, జానెడు వెడల్పు అంటామే, అదే. మావి గ్రాండ్ యూనియన్ కంపెనీవాళ్ళు 1930లలో కట్టించినవాటిలోవి. మోటారు పడవ లండన్‌లో వూలిచ్ దగ్గర హార్లాండ్ అండ్ వుల్ఫ్ యార్డులో తయారైంది. టైటానిక్‌ని బెల్‌ఫాస్ట్‌లో కట్టిన కంపెనీయే. రెండూ కలిసి యాభై టన్నుల బొగ్గు మోసేవి. ఆ డెబ్బై అడుగుల్లో సరుకుదే రాజ్యం. మనుషులకి వదిలింది చివర కొస మాత్రమే: బట్టీలో పదడుగులు, మోటారు పడవలో ఇంజను గది పోగా ఎనిమిదిన్నర. రివాజు ప్రకారం ఇంటి యజమాని కుటుంబం బట్టీలో ఉంటుంది, పనివాడో పెద్దకొడుకో మోటారులో. కాబట్టి దంపతులు బట్టీలో, నేను మోటారులో.

ఇంగ్లీషులో దాన్ని క్యాబిన్ అంటారు. నాకు మాత్రం మొదటి రోజునుంచీ గూడే. మన గూటి పడవల్లో గూడు లాగే.

గూట్లోకి వెనకనుంచి దిగాలి. పైన కప్పులో ముందుకు వెనక్కి జరిగే పలక, కింద రెండు చిన్న తలుపులు. దిగేటప్పుడు కాలు పెట్టే మెట్టు నిజానికి మెట్టు కాదు, బొగ్గు పెట్టె. దిగగానే ఎడమ పక్క ఇనప పొయ్యి. దాన్ని ఆనుకుని నిలువుగా ఒక అల్మైరా. దాని తలుపు కింద కీలుమీద ఉంటుంది, కిందికి వాలిస్తే అదే భోజనాల బల్ల. ఆ పలక మీద కోట, చెరువు, వంతెన బొమ్మ, చుట్టూ గులాబీలు. కుడిపక్క గోడవెంట ఒక బెంచీ, పేరు పక్క మంచం. అటు చివర అడ్డంగా ఇంకో అల్మైరా. దాని తలుపు ముందుకి వాలి బెంచీమీద ఆనితే అడ్డ మంచం. పగలు పరుపూ దుప్పట్లూ ఆ అల్మైరా కడుపులోనే ఉంటాయి. ఇక నేల మిగిలేది రెండు చాపలంత కూడా కాదు. ఒకటే చాప, అదీ చిన్నపిల్లలది.

గోడలనిండా లేసు అంచుల పింగాణీ పళ్ళాలు, ఇత్తడి గుబ్బలు, అల్లిన తెల్లని తెరలు. మొదటిసారి చూసినవాళ్ళు ఎంత ముద్దుగా ఉందో అంటారు. నేనూ అన్నాను. పడుకోబోయే ముందు ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఎందుకంటే గూడు వెడల్పే మంచం పొడవు. ఏడడుగుల పడవలో పక్క గోడలు పైకెళ్ళేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. వంతెనల కింద, సొరంగాల్లో ఒరుసుకోకుండా. అవీ పోగా మంచానికి ఆరడుగులు మిగలవు. నేను అయిదడుగుల పదకొండంగుళాలు. తిన్నగా పడుకుంటే తల ఒక గోడకి, పాదాలు ఇంకో గోడకి. రెండు గోడలకీ అవతల నీళ్ళు. మోకాళ్ళు ముడుచుకుంటే మంచం వెడల్పు మూడున్నర అడుగులే కనక అవి బయటికొస్తాయి. ఐమూలగా పడుకోవడం ఒక్కటే దారి. అదీ ఒక పక్కకే. తిరిగి పడుకోవాలంటే లేచి కూచుని, తల వంచుకుని, మళ్ళీ మొదట్నించీ మొదలెట్టాలి.

ఆ రాత్రి నేను చేసిన తప్పులు వరసగా చెప్తాను. మంచం ముందు వాల్చేశాను. తీరా చూస్తే పళ్ళు తోముకునే సరంజామా ఉన్న సంచీ మంచం కింద ఉండిపోయింది. మంచం ఎత్తాను. పరుపు జారి పొయ్యి వైపు పడబోయింది. దాన్ని పట్టుకోబోతూ తల పళ్ళాల బీడింగుకి కొట్టుకున్నాను. సంచీ తీసి బల్లమీద పెడదామంటే బల్ల వాల్చాలి, బల్ల వాల్చాలంటే నేను బొగ్గు పెట్టె మీదికెక్కి నిలబడాలి. అప్పటికి పొయ్యి ఆరిపోతోంది. బొగ్గు వేద్దామంటే బొగ్గు పెట్టె మీద నేనే ఉన్నాను. రాత్రి పదకొండింటికి, ఎనిమిదిన్నర అడుగుల ఇంట్లో, కదిలే చోటు లేక నిలబడిపోయాను.

పొయ్యి తెల్లవారుజామున మూడింటికి చల్లారింది. లేచేసరికి కప్పునుంచి చెమట పట్టినట్టు నీటి బొట్లు. నా ఊపిరే పైకెళ్ళి చల్లబడి నా ముక్కుమీదే పడుతోంది.

రెండో రాత్రి ఆ కక్షంతా పొయ్యిమీద తీర్చుకున్నాను. నిండా బొగ్గు వేసి, గాలి తలుపు బార్లా తీశాను. గంటలో గూడు ఆవకాయ పెట్టే నాటి మిద్దెలా మండింది. చొక్కా విప్పి, పైపలక తెరిచి, సగం మనిషిని బయట చలిలో, సగం లోపల సెగలో నిలబడి ఉండగా పక్క పడవలోంచి పెద్దాయన తల బయటపెట్టాడు. ఏమీ అడగలేదు. తన గూట్లోంచి దిగి వచ్చి, నా పొయ్యి కింద గాలి సందు వేలి మందాన మిగిల్చి మూశాడు. తడిపిన బొగ్గు పొడి పైన పరిచాడు. పైపలక పిడికిలి పట్టేంత తెరిచి ఉంచమన్నాడు. గోడమీద కార్బన్ మోనాక్సైడ్ అలారం చూపించి, "అది కూస్తే ఆలోచించకు, బయటికి దూకు. కాలువ లోతు నడుములదాకానే" అన్నాడు. అలా కప్పెట్టిన నిప్పు తెల్లారేదాకా ఉంది. మా అమ్మమ్మ ఊకపొయ్యి రాత్రిపూట బూడిదతో కప్పెట్టేది. ఇంత చిన్న సంగతికి నేను ఇంగ్లండు రావలసి వచ్చింది.

పగళ్ళు వేరే కథ. ఆరు లాకులు దిగితే బ్రాన్‌స్టన్ సొరంగం (ఎక్కితే అనాలి, అటువైపు ఎత్తు), 2,042 గజాలు. తరవాత బక్బీ దగ్గర ఏడు లాకులు. మర్నాడు బ్లిస్‌వర్త్ సొరంగం, 3,076 గజాలు, దాదాపు మూడు కిలోమీటర్లు. చుక్కాని పట్టేవాడు పడవ వెనక తలుపుల మధ్య, గూట్లోనే, బొగ్గు పెట్టె మీద నిలబడతాడు. నడుము పైన వాన, గాలి, సొరంగంలో పొగ. నడుము కింద పొయ్యి సెగ. ఇంజను వేగం మార్చే ఇత్తడి చక్రం చేతికందే దూరంలో కప్పు కింద ఉంటుంది. టీ కెటిలూ చేతికందే దూరమే. బ్లిస్‌వర్త్‌లో గాలికోసం పైనుంచి తవ్విన బావులున్నాయి, వాటి కిందికి వచ్చినప్పుడల్లా నెత్తిన బిందెతో గుమ్మరించినట్టు నీళ్ళు. అంత చీకట్లో, అంత తడిలో, మోకాళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి. గూడు కొలతలు వేసినవాడు మంచం గురించి ఆలోచించలేదేమో గానీ, మోకాళ్ళ గురించి ఆలోచించాడు.

ఇంజను నేషనల్ కంపెనీది, రెండు సిలిండర్లు. దాని ఇరుసు గూడు నేల కిందనుంచే వెనక్కి పోతుంది. సాయంత్రం ఆపేశాక కూడా ఒక గంటసేపు అరికాళ్ళలో దాని కొట్టుకోడం వినిపిస్తూనే ఉంటుంది. అది ఆగిందనుకున్నాక మిగతావి మొదలవుతాయి. చెవి దిండుకి ఆనిస్తే, అర అంగుళం అవతల నీళ్ళు. హంస వచ్చి పడవ అడుగున పట్టిన నాచుని పొడుచుకు తింటుంది, టక్ టక్ మని, ఎవరో తలుపు కొట్టినట్టు. రెండో రాత్రి నిజంగానే "ఎవరూ?" అన్నాను, తెలుగులో.

మరుగు సంగతి అడుగుతారని తెలుసు. ఇంజను గదిలో మూతున్న బకెట్టు. దాన్ని ఖాళీ చేసే చోట్లు దారిలో అక్కడక్కడా ఉన్నాయి. అంతే, ఇంకేం లేదు చెప్పడానికి. స్నానం అంటే ఒక కెటిల్ వేడినీళ్ళు, పడవ కప్పుమీద పూల బొమ్మలున్న డబ్బాలోంచి చన్నీళ్ళు, ఒక రంగుల చేతిగిన్నె. నిలబడి సగం, కూచుని సగం.

నాలుగో రాత్రి మిల్టన్ కీన్స్ శివారులో ఆగాం. వాన. మూడు రోజులుగా రొట్టెలూ సూపులూ తిని విసిగి ఉన్నాను. పొయ్యిమీద కందిపప్పు మెత్తగా ఉడికింది. ఆ ఇనప పొయ్యిమీద ఉడికినంత నిదానంగా మా ఇంట్లో ఏనాడూ ఉడకలేదు. ఇక పోపొక్కటే మిగిలింది. వాన పడుతోందని పైపలక మూసే ఉంచాను. మూకుట్లో నూనె కాగింది, ఆవాలు వేశాను, ఎండుమిరపకాయలు తుంచి వేశాను.

ఎనిమిదిన్నర అడుగుల గూట్లో ఎండుమిరపకాయ పోపు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఆ ఘాటుకి పోవడానికి చోటు లేదు, నాకూ లేదు. ఇద్దరం ఒకే తలుపుకోసం పోటీ పడ్డాం. ఒక చేత్తో మూకుడు, ఇంకో చేత్తో పైపలక తోస్తుంటే సగం పోపు పొయ్యి చుట్టూ, పొయ్యి వెనకా, ఎక్కడెక్కడో ఒలికిపోయింది. ఆవాలు చిటపటా అంటూ ఇత్తడి గుబ్బలకి తగిలి మోగాయి. కళ్ళనీళ్ళతో బయటపడి దగ్గుతుంటే, పక్కనున్న బట్టీలో దంపతులిద్దరూ కూడా దగ్గుతూ బయటికొచ్చారు. గట్టుమీద కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి, నిప్పంటుకుందా, ఫోన్ చెయ్యమంటారా అని అడిగాడు.

వాన వెలిశాక ఆ పప్పు ముగ్గురం తిన్నాం. పెద్దావిడ రెండోసారి వేసుకుంది. అప్పుడు చెప్పింది తన సంగతి. వాళ్ళు నలుగురు పిల్లలు, అమ్మానాన్నా, రెండు గూళ్ళలో ఆరుగురు. నడక వచ్చీరాని పిల్లని కాలవలో పడిపోకుండా గూడు కప్పుమీద పొగగొట్టం దగ్గర తాడుతో కట్టేవారట. తననీ కట్టారు. 1962 డిసెంబరు చివర్లో కాలువలు గడ్డకట్టి పడవలు వారాల తరబడి కదల్లేదు, ఆ మరుసటి ఏడే ప్రభుత్వ సంస్థ సరుకు పడవలు చాలామట్టుకు ఆపేసింది. వాళ్ళు ఒడ్డెక్కేశారు. "గట్టుమీద ఇంట్లో మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. గది మరీ పెద్దది, గోడలెక్కడో ఉన్నాయి" అంది.

ఆ గులాబీలూ ఇత్తడీ చూసి అంతా ఎంత సరదాగా ఉండేవాళ్ళో అనుకుంటాం కదా అన్నాను. ఆవిడ పళ్ళెం తుడుస్తూ, "అమ్మ నవ్వుతూ ఉండగా చూసిన గుర్తు లేదు. తుడుస్తూ ఉండగా చూసిన గుర్తే" అంది.

గట్టుమీద వాళ్ళకి పడవల వాళ్ళంటే మురికివాళ్ళన్న మాటే ఉండేది. రైళ్ళొచ్చి కూలి డబ్బులు తగ్గిపోయాక ఒడ్డున ఇల్లు అద్దెకి తీసుకోలేక పెళ్ళాం పిల్లల్ని పడవెక్కించినవాళ్ళు చాలామంది. ఒక్కో గూట్లో ఎంతమంది కిక్కిరిసి ఉంటున్నారో చూసి, చిన్నప్పుడు ఇటుక బట్టీల్లో పనిచేసిన జార్జ్ స్మిత్ అనే ఆయన పోరాడితే 1877లో చట్టం వచ్చింది. ప్రతి పడవా రిజిస్టరు చేయించాలి, పన్నెండేళ్ళు దాటిన మనిషికి అరవై ఘనపుటడుగుల గాలి, పిల్లలకి నలభై ఉండాలి. ఆ చలిలో నా గూట్లోకి తిరిగొచ్చి లెక్క వేసుకున్నాను. అరవై ఘనపుటడుగులంటే నాలుగడుగుల పెట్టెలో పట్టేంత కూడా లేదు. అది ఇరుకు కాదని, సరిపోతుందని చట్టం. ఆ రాత్రి నా ఐమూల పడక గురించి గొణుక్కోలేదు.

ఏడో రోజు మార్స్‌వర్త్ లాకులెక్కి, ట్రింగ్ దగ్గర కాలువ శిఖరం దాటి, బర్కమ్‌స్టెడ్ చేరాం. అక్కడ రైల్వే స్టేషన్ కాలవ గట్టునే ఉంది. మా ఆవిడ సెలవు పెట్టుకుని రైలు దిగి, పది అడుగులేసి పడవెక్కింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి చేసి ఎక్కడైనా పడుకోగల మనిషి. ఎత్తు అయిదడుగుల ఒక్కంగుళం.

లోపలికి తొంగి చూసి, కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆనాడు ఏడడుగులు నడిపించారు. ఇప్పుడు ఏడడుగుల్లో పడుకోబెడుతున్నారు" అంది.

"నీకైతే సరిగ్గా సరిపోతుంది" అన్నాను.

"మరి మీకు?"

చూపించాను, ఎలా పడుకుంటానో. ఆవిడ నవ్వు ఆపుకోడానికి బయటికెళ్ళింది.

ఆ సాయంత్రం నేను చూసింది నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది. ఆరు రోజులుగా నేను ఆ గూడుతో కుస్తీ పడుతున్నాను. ఆవిడ పొయ్యి పక్కన బొగ్గు పెట్టెమీద కూచుని, అయిదు నిమిషాలు ఊరికే చూసింది. తరవాత కూచున్న చోటునుంచి లేవకుండా వంట మొదలెట్టింది. చేయి చాపితే పొయ్యి, ఇటు చాపితే బల్ల, మోకాలి దగ్గర చాకుల సొరుగు. నేను నిలబడి చేస్తున్న పని అంతా కూచుని చేసేదట. తిన్నాక గిన్నెలు కడిగి పెట్టేదాకా బల్ల ఎత్తలేదు. బల్ల ఎత్తాక పళ్ళు తోమడం, రేపటి బట్టలు తీసి పక్క మంచం మీద పెట్టడం, రాత్రికి బొగ్గు తీసి పొయ్యి పక్కన పెట్టడం. అన్నీ అయ్యాకే మంచం వాల్చింది. "మంచం వేశాక ఇక ఇంట్లో పని ఉండకూడదు" అంది. "మా మేనత్త వాళ్ళ ఒంటి గదిలో ఏడుగురం ఉండేవాళ్ళం. చాపలు పరిచాక ఎవరైనా మంచినీళ్ళకి లేస్తే తన్నులే. ఇది ఆ గది కంటే పెద్దదే, పైగా ఇద్దరమే."

పెద్దావిడ బట్టీలోంచి ఇదంతా చూస్తోందని నాకు తెలియదు. మర్నాడు మా ఆవిడకి తన ఇత్తడి పాలిష్ డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆరు రోజుల్లో నాకు ఇవ్వలేదు.

పడుకునే సంగతికి వస్తే, మూడున్నర అడుగుల వెడల్పులో ఇద్దరం. ఒకరు తిరిగితే రెండోవాళ్ళు తిరగాలి. ఆవిడ లోపలి పక్క, నేను బయటి పక్క. పక్కనుంచి వేరే పడవ పోతే నీళ్ళు తోసుకొచ్చి మా పడవ మోకుమీద సాగి, మళ్ళీ వెనక్కి వచ్చి గట్టుకి ఆనుతుంది. ఆ ఊగుకి ఇద్దరం కలిసే దొర్లుతాం. రెండో రాత్రి నుంచి నేను పక్క మంచం మీదికి మారిపోయాను. అది పాత రోజుల్లో పిల్లలది, వెడల్పు రెండడుగులు కూడా ఉండదు, కానీ పొడవుకి అడ్డం లేదు. కాళ్ళు చాచుకున్నాను. ఆరు రాత్రులు నాకా ఆలోచన ఎందుకు రాలేదని మా ఆవిడ అడిగింది. పెద్ద మంచం ఉన్నప్పుడు చిన్న మంచం మీద ఎందుకు పడుకుంటాం అని జవాబిచ్చాను. జవాబు నాకే నచ్చలేదు.

పోపు సంగతి కూడా ఆవిడే తేల్చింది. ఇంటినుంచి తెచ్చిన ఇనప గరిటెలో నూనె పోసి, పొయ్యి తలుపు తీసి, గరిటెని లోపలికి, నిప్పుల మీదికి పెట్టింది. పొయ్యి గాలిని తనలోకి లాక్కుంటుంది కదా, ఘాటంతా పొగగొట్టంలోంచి పైకి పోయింది. గూట్లో ఘుమఘుమ మాత్రం మిగిలింది. మా ఊళ్ళో కట్టెల పొయ్యిలో పోపు గరిటె పెట్టడం నేను వెయ్యిసార్లు చూసి ఉంటాను. కానీ ఆ రాత్రి గట్టుమీద నడిచేవాళ్ళు ఏమనుకున్నారో, పొగగొట్టంలోంచి మిరపకాయ ఘాటు వస్తుంటే.

హెమెల్ హెంప్‌స్టెడ్, రిక్మన్స్‌వర్త్, అక్స్‌బ్రిడ్జ్. లాకులు తగ్గుతూ వచ్చాయి, సూపర్ మార్కెట్లు పెరుగుతూ వచ్చాయి. ఈ దారిలో లాకులన్నీ పద్నాలుగడుగుల వెడల్పు. మా రెండు పడవలూ పక్కపక్కన కట్టుకుని జంటగా దూరతాయి, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో చెయ్యి పట్టనంత ఇరుగ్గా. అలా ఉన్నప్పుడు మా ఆవిడా పెద్దావిడా చెరో గూటి తలుపులో నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. ఒకరి ఇంగ్లీషు నార్తాంప్టన్ పడవల యాస, ఒకరిది మండపేట యాస. నాకు రెండూ సగమే అర్థమయ్యేవి.

పదకొండో రాత్రి సౌథాల్ దగ్గర బుల్స్ బ్రిడ్జ్. ఒకప్పుడు గ్రాండ్ యూనియన్ కంపెనీ పడవలు సరుకు కోసం, ఆర్డర్ల కోసం రోజుల తరబడి కట్టుకుని ఉన్న చోటు. ఇప్పుడు ఒక పెద్ద సూపర్ మార్కెట్ ఉంది. కాస్త పక్కన, జామ్ ఫ్యాక్టరీకి బొగ్గు తెచ్చే పడవలు 1970 అక్టోబరు దాకా నడిచాయి. దూరాలకి క్రమం తప్పకుండా సరుకు మోసిన పడవల్లో అవే ఆఖరివి. పెద్దావిడ గట్టుమీద ఒక చోట నిలబడి, ఇక్కడ బట్టలుతికేవాళ్ళం అని చేత్తో చూపించింది. అక్కడ ట్రాలీలు వరసగా పెట్టి ఉన్నాయి.

మా ఆవిడ సౌథాల్ బజారుకెళ్ళి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, మెంతికూర తెచ్చింది. కరివేపాకు రెబ్బల్ని గూట్లో పళ్ళాల మధ్య ఇత్తడి కడ్డీకి కట్టి వేలాడదీసింది. గులాబీల బొమ్మల పక్కన నిజం ఆకు. పెద్దాయన వచ్చి చూసి, ఇది రివాజు కాదు అన్నాడు. పెద్దావిడ, ఉండనీ అంది. ఉంది.

మర్నాడు అప్పగింతలు. పొయ్యికి నల్ల పాలిష్ పట్టించాం, బూడిద ఎత్తాం, నేల కడిగాం, ఇత్తడి తోమాం. పెద్దాయన వేలు పెట్టి మూలమూలా చూశాడు. బాగుంది అన్నాడు. పొయ్యి వెనక మాత్రం వేలు పట్టదు, అక్కడ చూడలేదు.

జూన్‌లో అదే గూట్లో పడుకున్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పొయ్యి బాగా వేడెక్కినప్పుడల్లా వెనకనుంచి ఏదో టప్ మని పేలి, చిన్న చిన్న నల్ల గుండ్లు ఎగిరి పరుపుమీద పడుతున్నాయట. మేకుల తలలా, తుప్పా, పడవకేమైనా ప్రమాదమా అని అడిగాడు.

కొరికి చూడమన్నాను.